జుర్రు పద్యాలు: సటీకా తాత్పర్యం

అవతారిక

పద్యాలు రెండే. రాసింది నేను, టీక రాస్తున్నదీ నేనే. కవీ వ్యాఖ్యాతా ఒక్కడే కావడం మర్యాద కాదని తెలుసు. కానీ టోక్యోలో, కాండా పేటలో, ఓ పాతకాలపు సోబా కొట్లో ఒంటరిగా కూర్చున్న తెలుగువాడికి వేరే వ్యాఖ్యాత ఎక్కణ్నుంచి వస్తాడు? వ్యాఖ్యాతలకి చక్రవర్తి అనదగ్గ మల్లినాథసూరి మన మెదక్ జిల్లా కొల్చారం వాడు. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ. అందులో మొదటి సగం నేనూ పాటిస్తాను. రెండో సగం నా వల్ల కాదు.

మా మేనల్లుడి కాపురం నిషి కసాయ్‌లో. టోక్యోలో మనదేశంవాళ్లు గుంపుగా ఉండే పేట అది. మినప్పప్పు దగ్గర్నుంచి అన్నీ దొరుకుతాయి. ఆ గురువారం పొద్దున ఆఫీసుకి పోతూ పోతూ, "మావయ్యా, సోబా తినకుండా ఊరెళ్లకు. నువ్వేం మాట్లాడొద్దు, పక్కవాడు ఏం చేస్తే అదే చెయ్యి. అంతా తెలిసిపోతుంది" అని ఉపదేశించి రైలెక్కేశాడు. ఈ గ్రంథానికి బీజం అదే. ఇందులో జరిగిన అనర్థాలన్నిటికీ బీజం కూడా అదే.

శాస్త్రం అన్నాక అనుబంధ చతుష్టయం చెప్పి తీరాలి. విషయం సోబా. ప్రయోజనం కడుపు నిండటం. నిండీ నిండనట్టు నిండుతుంది, ఆ సంగతి ముందు వస్తుంది. సంబంధం అంటే పుల్లలకీ నోటికీ మధ్య ఉండవలసినది, నా విషయంలో చాలాసేపు కుదరనిది. అధికారి ఎవడంటే, జపనీస్ అక్షరం రానివాడు, ఆకలేసినవాడు, అడగడానికి మొహమాటపడేవాడు. మూడో లక్షణం లేనివాడికి ఈ గ్రంథంతో పనిలేదు. వాడు ఎక్కడైనా బతికేస్తాడు.

ప్రథమ పద్యం (ఆటవెలది)

తెరను పైకి నెత్తి తిన్నగా లోనేగి
చెప్పు లిప్పవలెనొ చెప్పకున్న
పరులఁ జూచి నేర్చి పలుకక కూర్చుండి
నూలు పోగు లటుల నోట జుర్రు

ప్రతిపదార్థం: తెరను = గుమ్మానికి వేలాడే గుడ్డను; పైకిన్ ఎత్తి = చేత్తో పైకి తీసి; తిన్నగా = దిక్కులు చూడకుండా; లోన్ ఏగి = లోపలికి వెళ్లి; చెప్పులు ఇప్పవలెనొ = చెప్పులు విప్పాలో అక్కర్లేదో; చెప్పకున్నన్ = ఎవరూ చెప్పకపోతే; పరులన్ చూచి = ఇతరులను చూసి; నేర్చి = తెలుసుకొని; పలుకక = నోరెత్తకుండా; కూర్చుండి = కూర్చొని; నూలు పోగులు అటుల = నూలు పోగుల్లా; నోటన్ = నోటితో; జుర్రు = చప్పుడయ్యేలా లోపలికి లాగుము. "ఇప్పు" గ్రామ్యం. గణం కోసం కవి కక్కుర్తిపడ్డాడు.

తాత్పర్యం: తెర తీసుకుని లోపలికి పోయి, తెలియనివి పక్కవాళ్లని చూసి నేర్చుకుని, నూలు పోగుల్లాంటి సోబాని నోటితో జుర్రుకోవాలని భావం.

ఇంతే అయితే పది నిమిషాల పని. నాకు గంట దాటింది. ఎందుకు దాటిందో చెప్పేదే ఈ వ్యాఖ్య.

తెరను: జపాన్‌లో దీన్ని నోరెన్ అంటారు. నిలువునా చీలికలున్న పొట్టి గుడ్డ, మీద కొట్టు పేరు. ఇది గుమ్మానికి వేలాడుతుంటే కొట్టు తెరిచారని అర్థం, తీసి లోపల పెట్టేసుకుంటే కట్టేశారని అర్థం. నేనేమో గుళ్లో స్వామికి ఆరగింపు వేళ తెర వేస్తే బయట నిలబడే జాతివాణ్ని. తెర ఉంది కదా, లోపల ఏదో జరుగుతోంది, తీశాక పిలుస్తారులే అని వీధిలో పావుగంట చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఇద్దరు ఆఫీసువాళ్లు నా పక్కనుంచే తెర తోసుకుని పోయాక గాని విషయం బోధపడలేదు.

పైకి నెత్తి: ఇక్కడ శ్లేష. "పైకిన్ + ఎత్తి" అని ఒక విరుపు. "పైకి, నెత్తి" అని ఇంకొకటి. ఈ రెండో అర్థం గుమ్మం దగ్గర స్వయంగా అనుభవంలోకి వచ్చింది. పాత కట్టడం, తెర వెనక ద్వారబంధం సరిగ్గా నా నుదుటి ఎత్తున ఉంది. ఠంగుమన్న మరుక్షణం లోపలున్న నలుగురూ ఒక్క గొంతుతో "ఇరాష్షైమసే" అని కేకేశారు. నా బుర్ర కోసమే కంగారుపడ్డారనుకుని "ఫర్వాలేదు, ఫర్వాలేదు" అని తెలుగులో ఓదార్చాను. అది రండి రండి అనే మర్యాద. బుర్ర తగిలినా తగలకపోయినా వచ్చిన ప్రతివాడికీ అంటారు, బదులు చెప్పనక్కర్లేదు.

చెప్పు లిప్పవలెనొ చెప్పకున్న: "చెప్పు", "చెప్ప" అనే ఆవృత్తి చూసి యమకం అనబోయి ఆగాను, అంత గొప్ప పద్యం కాదు. సిద్ధాంతం ఏమిటంటే, తాతామి చాపలు పరిచిన అరుగు మీద కూర్చునేవాడు విప్పాలి, బల్లా కుర్చీ దగ్గర కూర్చునేవాడు విప్పనక్కర్లేదు. నేను గడపలోనే విప్పి చేత్తో పట్టుకున్నాను. వడ్డించే ఆమె చూపు నా మొహం మీంచి చెప్పుల మీదికీ, చెప్పుల మీంచి మళ్లీ మొహం మీదికీ రెండుసార్లు నడిచింది. మాట మాత్రం రాలేదు. వేసుకున్నాను.

పరులఁ జూచి నేర్చి: గ్రంథానికి ఆయువుపట్టు, టీకాకర్త కొంప ముంచిన చోటు కూడా ఇదే.

వేడి టీ వచ్చింది, చేతులు తుడుచుకునే తడి తువ్వాలు వచ్చింది. పదార్థాల పట్టిక వచ్చింది. అంతా నిలువు రాత, ధరలు కూడా అంకెల్లో కాక వాళ్ల అక్షరాల్లోనే. ఫోన్ కెమెరా పెట్టి చదివిస్తే మొదటి పదార్థం నక్క అంది. రెండోది తనుకి, అంటే నక్కలాగానే ఉండే ఇంకో అడవి జంతువు. మూడోది చంద్రదర్శనం. నాలుగోది తల్లీపిల్లా. ఫోన్ మూసేశాను.

నిరుక్తం ఇలా చెప్పుకోవాలి. కిత్సునె సోబాలో నక్క ఉండదు. తీపి పులుసులో ఉడికిన వేపుడు తోఫూ ముక్క ఉంటుంది. ఇనారి దేవత వాహనంలాంటి నక్కకి ఆ తోఫూ ఇష్టమని అక్కడివాళ్ల నమ్మకం. తనుకి సోబాలో టెంపురా వేయించినప్పుడు నూనెలో రాలే కరకర తునకలు ఉంటాయి, మన బూందీ చట్రం కింద మిగిలే పొడిలాంటివి. చంద్రదర్శనం పచ్చిగుడ్డు. తల్లీపిల్లా అంటే అన్నం మీద కోడీ, కోడిగుడ్డూ. పేరు పెట్టినవాడి గుండె ధైర్యానికి నమస్కారం. ఇక పాఠభేదం: టోక్యోలో కిత్సునె అనిపించుకునే ఆ తోఫూ సోబానే ఒసాకాలో తనుకి అంటారు. ఒసాకావాళ్లకి నక్క అంటే లావుపాటి ఉడాన్ మీద తోఫూ. ఏది ప్రామాణిక పాఠమో తేల్చడానికి నేను చాలను.

అప్పుడు మేనల్లుడి ఉపదేశం గుర్తొచ్చింది. పక్క బల్ల దగ్గర డెబ్భై దాటిన పెద్దాయన, నలగని కోటు, ఒక్కడే. ముందున్నదేదో నింపాదిగా తింటున్నాడు. ఆయన వైపు వేలు చూపి, నా వైపు చూపాను. ఆమె తలూపింది. రెండు నిమిషాల్లో నా ముందుకి ఒక బుల్లి కూజాతో సాకే అనే బియ్యపు సారా, చిన్న పళ్లెంలో చేప గుజ్జుతో కట్టిన తెల్లటి ముక్కలు వచ్చి కూర్చున్నాయి.

సోబా కొట్లలో ఇది పెద్దమనుషుల ఆచారం. సోబా చెప్పేముందు కాస్త సాకే పుచ్చుకుంటూ ఇలాంటివి నంజుకుంటారు. దానికి "సోబా మాయె" అని పేరు; సోబాకి ముందు అని అర్థం. మాయే. నేను పుచ్చుకోనని కాదు. గురువారం, మధ్యాహ్నం పన్నెండున్నరకి పుచ్చుకోను. ఆ తర్వాత ఏం జరిగిందన్నది మూలంలో లేదు. మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ చేసి ఉన్నాను.

నూలు పోగు లటుల: ఉపమాలంకారం. ఉపమేయం సోబా, ఉపమానం నూలు, సమానధర్మం సన్నదనం. "నూడుల్" లోంచే "నూలు" పుట్టిందని ఎవరైనా అంటే, నేనే అన్నాననుకుని క్షమించండి.

పెద్దాయన సోబా చెప్పాడు. నేనూ వేలు చూపాను, ఈసారి దేవుడు కరుణించాడు. చతురస్రపు లక్క పెట్టె, దాని మీద వెదురు పుల్లల చాప, చాప మీద సోబా. చన్నీళ్లలో కడిగి తెచ్చినట్టున్నారు, ఇంకా తడి మెరుస్తోంది. తవుడు కలిసినట్టు బూడిద వన్నె, దగ్గరగా చూస్తే గోధుమరంగు నలకలు. ఒక్కో పోగూ కత్తితో కోసినట్టే పలకలుగా ఉంది, గుండ్రంగా లేదు. చేత్తో మడిచి, చెక్క అడ్డు పెట్టి కోస్తారు కాబట్టి అలా ఉంటుంది. పక్కన గుక్కెడు నల్లటి పులుసున్న చిన్న పింగాణీ గిన్నె, ఇంకో బుల్లి పళ్లెంలో సన్నగా తరిగిన ఉల్లికాడ, గోటి మీద పట్టేంత వసాబి. కూరా లేదు, ముక్కా లేదు. ఆకలి మీదున్న కోనసీమవాడికి ఆ ఏకాంతం చూస్తే దిగులేస్తుంది.

ఇంతకీ సోబా అంటే బక్‌వీట్. పేరులో గోధుమ ఉంది గాని గోధుమ కాదు, అసలు గడ్డిజాతే కాదు. మన చుక్కకూర కుటుంబం దానిది. గింజ మూడు పలకలుగా ఉంటుంది. ఉత్తరాదివాళ్లు నవరాత్రి ఉపవాసాలకి కుట్టు పిండి అని వాడేది దీన్నే. కాబట్టి ఏకాదశినాడు సోబా తినవచ్చునా అన్న ధర్మసందేహం వస్తుంది. తినరాదని సమాధానం. చాలా కొట్లలో పిండి జారిపోకుండా గోధుమపిండి కలుపుతారు. ఉత్త బక్‌వీట్‌తో చేసేదాన్ని జూవరి అంటారు, అది పట్టు తప్పి విరిగిపోతుంది, చెయ్యడానికి చెయ్యి తిరిగి ఉండాలి.

పాతరోజుల్లో ఈ పిండిని వేణ్నీళ్లలో గిలకొట్టి ముద్దగా తినేవారు. ఇప్పటికీ సోబాగాకి పేరుతో దొరుకుతుంది. రాయలసీమవాడు చూస్తే సంగటి అనే అంటాడు. ముద్దని పోగులుగా కోసుకు తినడం ఎప్పటినుంచి అంటే, కిసో లోయలోని జోషోజి అనే బౌద్ధాలయపు పత్రంలో 1574లో ఆ మాట కనిపిస్తుంది. తర్వాత టోక్యో, అప్పటి ఎడో, దాన్ని సొంతం చేసుకుంది. సరాషినా, సునాబా, యబు అని మూడు వంశాలు ఏర్పడ్డాయి. సరాషినావారిది గింజ లోపలి భాగంతో చేసిన తెల్ల సోబా. యబు వంశపు పాత కొట్టు ఒకటి ఇదే కాండాలో 1880లో పెట్టారు. 2013 ఫిబ్రవరిలో మంటల్లో దెబ్బతిని, 2014 అక్టోబరులో మళ్లీ తెర కట్టింది. అక్కడ మనం చెప్పిన పదార్థాన్ని లోపలివాళ్లకి రాగం తీసి వినిపిస్తారు, హరికథలో వంతపాటలాగ.

వ్యాఖ్యాతల తగువు జపాన్‌లోనూ ఉందని తెలిసి ప్రాణం లేచొచ్చింది. సోబాకి "నిహాచి" అని ఒక విశేషణం ఉంది. రెండు, ఎనిమిది అని అర్థం. రెండు పాళ్లు గోధుమ, ఎనిమిది పాళ్లు బక్‌వీట్ అని ఒక వర్గం. కాదు, ఎడో కాలంలో గిన్నె సోబా ఖరీదు 16 మోన్‌లు, రెండెనిమిదులు పదహారు, ఎక్కం చదివి ధర చెప్పడమే అది అని ఇంకో వర్గం. ఇదీ వ్యాఖ్యానమంటే! నేను రెండో పక్షం. ఎందుకంటే అందులో కథ ఉంది. రకుగో అనే వాళ్ల హాస్యకథల్లో, రాత్రి బండి దగ్గర ఒక గడుసువాడు సోబా తిని, ఒక్కో నాణెం లెక్కపెడుతూ చేతిలో వేస్తాడు. ఎనిమిది దాకా వచ్చి, "ఇప్పుడు వేళ ఎంతోయ్?" అంటాడు. బండివాడు "తొమ్మిది" అనగానే "పది, పదకొండు" అంటూ పోతాడు. ఒక నాణెం మిగిలింది. చూసిన అమాయకుడొకడు మర్నాడు ఆత్రంకొద్దీ ముందే వెళ్లి అదే పన్నాగం పన్నితే, ఆ వేళకి గంట "నాలుగు". ఎనిమిది తర్వాత పాపం అయిదు నుంచి మళ్లీ లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. పరులఁ జూచి నేర్చినవాడి గతి ఎక్కడైనా ఇంతే.

జుర్రు: చివరి మాట. ఈ ఒక్క మాట కోసమే పద్యం.

జపనీస్‌లో ఈ చప్పుడుకి "జురుజురు" అంటారు. చాపమీద పెట్టి ఇచ్చే సోబాకి "జారు" అని పేరు. జారేది కనుక జారు, జుర్రేది కనుక జురుజురు అని సిద్ధాంతం చేసి, రెండు భాషలూ అక్కాచెల్లెళ్లని తేల్చేద్దామని చెయ్యి ఊరింది. జారు అంటే వెదురు బుట్ట అని ఫోన్ చెప్పి నీళ్లు చల్లింది. జురుజురు మాత్రం నాకే వదిలేసింది.

మా ఇంట్లో చారు జుర్రితే నాన్నగారి కళ్లు ఎర్రబడేవి. "ఒరేయ్, కుడితి తాగుతున్నావా?" అనేవారు. అమ్మమ్మ మాత్రం ఆకులోంచి పరుగెత్తే పాయసాన్ని అరచేత్తో అడ్డుకుని, అంత చప్పుడుతోనూ జుర్రేది. ఆవిడని అనడానికి ఆయనకి ధైర్యం చాలేది కాదు. చదువూ ఉద్యోగమూ నాన్నగారి పక్షం. ముప్ఫై ఏళ్ల విందుల్లో నేను చప్పుడు లేకుండా మింగడంలో ఆరితేరాను.

ఆ పాండిత్యం ఇక్కడ పనికిరాలేదు. పోగుల్ని పుల్లలతో పట్టి, మర్యాదగా కొరికాను. సగం నోట్లో, సగం గిన్నెలో. పెద్దాయన పద్ధతి చూశాను. నాలుగైదు పోగులు ఎత్తాడు, కొసలు మాత్రం పులుసులో ముంచాడు, నోటికి అందించి ఒక్క పీల్పు. జుర్ర్. నమలడం ఉందో లేదో తెలియనంత తేలిక. వసాబిని నాలాగా పులుసులో కలిపెయ్యలేదు; పోగుల మీద చుక్క పెట్టుకున్నాడు. చప్పుడు మొరటుదనం కాదట. సోబా వాసన చాలా సున్నితం, గాలితో కలిపి లాగితే నోట్లోంచి ముక్కుకి ఎక్కుతుంది. మరి కొసలే ఎందుకు ముంచాలంటే, టోక్యో పులుసు గాఢం, మొత్తం ముంచితే సోబా రుచి మునిగిపోతుంది. దీని మీదా ఒక పాత హాస్యం ఉంది. జన్మంతా గొప్పకోసం కొసలు మాత్రమే ముంచుకు తిన్న ఎడో రసికుడొకడు పోయేముందు, "ఒక్కసారైనా నిండా ముంచుకుని తినుంటే బాగుండేది" అని కన్నుమూశాడట.

రెండో ప్రయత్నంలో ధైర్యం చేసి పీల్చాను. పోగు కొస కొరడాలా లేచి, గడ్డాన్ని తాకి, నా తెల్ల చొక్కా జేబు కింద నల్లటి విరామచిహ్నం పెట్టింది. మూడోసారికి చప్పుడు వచ్చింది. నిజమైన చప్పుడు, అమ్మమ్మ స్థాయిది. బెదిరి చుట్టూ చూశాను. ఎవరూ తిరగలేదు. పెద్దాయన పత్రిక చూసుకుంటున్నాడు, వడ్డించే ఆమె టీ పోస్తోంది. నేను ఆ గుమ్మం తొక్కిన తర్వాత నన్నెవరూ పట్టించుకోని మొదటి క్షణం అది. ఆ తర్వాత ఎన్ని పోగులు జుర్రానో లెక్క లేదు.

శంక: శాకాహారి ఇందుకు అధికారి అవునా, కాదా?

సమాధానం: సోబా శాకమే. చిక్కంతా పులుసులో. సోయా సాస్, మిరిన్ అనే తీపి సారాయి, చక్కెర కలిపి నిలవబెట్టిన దాన్ని దాషీ అనే కషాయంతో పలచన చేస్తారు. ఆ దాషీ ఎండబెట్టి పొగబట్టిన చేపని చిత్రిక పట్టినట్టు గీకిన రేకులతో కాస్తారు. కొంబు అనే సముద్రపు నాచుతో మాత్రమే కాచే దాషీ కూడా ఉంది. ఇకెదా కికునాయె అనే ఆచార్యుడు 1908లో ఉమామి రుచి మూలాన్ని పట్టుకున్నది ఆ నాచులోనే. బౌద్ధ మఠాల వంటలో అదే వాడతారు. వీధి కొట్లో అడిగితే "చేప లేదు" అనే అంటారు కొందరు. చేప ముక్క కనపడదని వాళ్ల ఉద్దేశం. కనుక మడిగలవాళ్లు ముందే రాయించుకున్న జపనీస్ చీటీ పట్టుకెళ్లడం ఉత్తమం.

ద్వితీయ పద్యం (ఆటవెలది)

ఉడుకు నీరు తెచ్చి యూరక పెట్టిన
చేయి కడుగ వలదు చేవ యదియె
మిగులు పులుసులోన మెల్లగాఁ గలుపుక
త్రాగి లేచి పొమ్ము దాన మిడక

ప్రతిపదార్థం అక్కర్లేదు, తేలికే. సోబా అయిపోగానే ఎర్ర లక్క పూసిన కొమ్ము కూజాలో వేడి నీళ్లు తెచ్చి పెడతారు. చూడటానికి కుడితిలా తెల్లగా, కాస్త చిక్కగా ఉంటాయి. మన హోటళ్లలో భోజనం చివర నిమ్మచెక్క వేసిన వేణ్నీళ్ల గిన్నె వస్తుందే, అదే అనుకుని కుడిచెయ్యి చాపాను. ఈసారి పెద్దాయనే రక్షించాడు. నా వైపు చూడకుండానే, తన కూజా ఎత్తి, మిగిలిన పులుసులో పోసుకుని, రెండు చేతులా పట్టుకుని తాగాడు, నాకోసమే అన్నంత నెమ్మదిగా. సోబా ఉడికిన నీళ్లవి, పేరు సోబాయు. సారం అంతా అందులోకి దిగి ఉంటుంది, అందుకే "చేవ" అన్నాడు కవి. అన్నం వార్చిన గంజి తాగి పెరిగిన తరం వాళ్లకి ఇంత వివరించనక్కర్లేదు. కడుపు అప్పుడు నిండింది.

దాన మిడక: బల్లమీద వంద యెన్ల నాణెం వదిలి బయటపడ్డాను. నాలుగు అంగలు వేశానో లేదో ఆమె రెండు చేతులా ఆ నాణెం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది, నేనేదో మరిచిపోయినట్టు. జపాన్‌లో టిప్పు లేదు. తినగానే "గోచిసోసామా" అంటే చాలు. చక్కటి భోజనం పెట్టారని అర్థం. ఆ మాట అక్కడే అనేసి దణ్ణం పెట్టాను. ఆమె నవ్వింది. చెప్పుల సంగతి గుర్తొచ్చి నవ్విందేమో కూడా.

సాయంత్రం మేనల్లుడు వచ్చి, "ఎలా ఉంది మావయ్యా?" అన్నాడు. "పక్కవాడు మంచివాడైతే బాగుంటుందిరా" అన్నాను. వాడికి అర్థం కాలేదు.

ఈ టీక చదివి సోబాకి బయల్దేరేవాళ్లకి ఒక్క మనవి. తెల్ల చొక్కా వేసుకెళ్లకండి. నాది మూడు ఉతుకులైంది, జేబు కింద మరక అలాగే ఉంది.